చాకీ గదిలో టిక్కుడబ్బా

నేను ఒక థర్మోస్టాట్‌ను. మడకశిర దగ్గరి ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. నన్ను టిక్కుడబ్బా అంటారు. గది చల్లబడితే టిక్‌మని హీటరు వేస్తాను, వెచ్చబడితే మళ్లీ టిక్‌మని ఆపేస్తాను. నా గుండ్రటి ముఖం వెనుక రెండు లోహపు రేకులు అతుక్కుని ఉన్నాయి. ఒకే వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ. విడిపోలేవు గనుక రెండూ కలిసి వంగుతాయి. ఆ వంపే నా బతుకు. అత్తాకోడళ్లు ఉన్న ఇంటికి చేరాక నా రేకుల మీద నాకు గౌరవం పెరిగింది.

బెంగళూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట కోడిగుడ్లు పొదిగించే ఒక ఆసామి దగ్గర పనిచేశాను. చలి ఎక్కువైతే ఆయన నన్ను చివరి దాకా తిప్పేవాడు. ఎంత తిప్పితే గది అంత తొందరగా వేడెక్కుతుందని మనుషుల నమ్మకం. నేనేమో వేడి ఎక్కడ ఆగాలో చెప్పగలను గానీ దాన్ని పరిగెత్తించలేను. ఆయన వ్యాపారం మూతపడి నేను హిందూపురంలో పాత సామాన్ల అంగడికి చేరితే, భీమప్ప అనే పట్టురైతు నన్ను తెచ్చి తన ఇంటి గోడకు బిగించాడు.

భీమప్ప పోయాక పట్టుపురుగుల పని అతని భార్య తిప్పక్క మీద పడింది. అప్పటికి ఆమెకు అంకెలు రావు. నా ముఖం మీద చిన్న పురుగుల వేడికి కుంకుమ బొట్టు, పెద్ద పురుగుల వేడికి పసుపు బొట్టు పెట్టుకుని నడిపింది. తర్వాత సాయంత్రం బడికి పోయి చదువు నేర్చుకుంది. కుంకుమ బొట్టు కింద ఉన్నది ఇరవై ఏడు అని తనంతట తాను చదివిన రోజున నన్ను తడిగుడ్డతో తుడిచింది, బొట్లు మాత్రం చెరపలేదు.

ఈ ఇంట్లో మూడు గదులు. రెండు పురుగులవి, ఒకటి మనుషులది. పురుగులకు హీటర్లు, మనుషులకు కంబళ్లు. గుడ్డులోంచి వచ్చిన పురుగులను రెండో జ్వరం దాటేదాకా పెంచి రైతులకు అప్పగించడాన్ని చాకీ అంటారు. పాత చర్మం విడవడానికి పురుగు ఆకు మాని కదలకుండా ఉండిపోతుందే, దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. ఆ సమయంలో చలి తగిలితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. పంట అక్కడే చెడుతుంది.

ఈసారి తిప్పక్క చాకీ గదిని కోడలు నాగవేణికి అప్పగించింది. "ఊరి రైతుల గుడ్లు నీ చేతిలో పెడ్తాండా. చెడితే మళ్లీ నేనే చూసుకుంటా, నువ్వు ఆకు కోసుకుందువు," అని ముందే చెప్పింది. నాగవేణి శిక్షణకు పోయి వచ్చిన మనిషి. చాకీ గదికి ఫోనుతో మాట్లాడే కొత్త థర్మోస్టాట్ తెచ్చింది. వేడి కొలిచే దాని తెల్లటి చిన్న సెన్సర్‌ను ఆ గది గోడ మీద కనబడిన మేకుకు తగిలించింది. నన్ను అక్కడినుంచి తీసి పక్కనున్న పెద్ద పురుగుల గదికి మార్చింది. నాకు బాధ కలగలేదు. తోటలో ఆకు కోస్తూనే గదిలో వేడి చూసుకోగలగడం గొప్ప సంగతే.

కార్తీకం వచ్చింది. పురుగులు రెండో జ్వరానికి కూర్చున్నాయి.

"ఏమే, సగం లేచినాయి, సగం లేయలే. ఏం చేసినావు?" తిప్పక్క గొంతు గోడ ఇవతలికి వినిపించింది.

"నేనేం చేసినా అత్తా? పొద్దుగూకితే గది కాలిపోతాంది. ముప్పై ఒకటి చూపిస్తే పరిగెత్తుకొచ్చి కిటికీ తెరుస్తాండా."

"నాకు వణుకు పుడ్తాంటే నీ ఫోనుకు ఉక్క పోస్తాందా?"

"నీకు ఎండాకాలంలోనూ సలే గదా!"

కాసేపటికి నాగవేణి నా ముందుకు వచ్చి నిలబడింది. "అంతా దీని పనే. ఈ గది హీటరు ఆపకుండా మండిస్తాంది. ఆ సెగ గోడ దాటి అవతలికి వస్తాంది." స్క్రూలు విప్పి నన్ను కిందికి దించింది.

"పారేస్తే ఊరుకోను," అంది తిప్పక్క.

"పారెయ్యనులే. రెండింటినీ ఒకే గదిలో పెడ్తా. ఏది అబద్ధమాడ్తాందో నువ్వే చూడు."

వైర్లు లేకుండానే నన్ను చాకీ గది మధ్యలో, ట్రేల స్టాండుకు కట్టింది. కుంకుమ బొట్టు దగ్గరికి తిప్పింది. హీటరు వేయలేను గానీ నా టిక్కు నాకుంది. పొద్దు వాలే దాకా నేనూ కొత్తదీ ఒకే మాట మీద ఉన్నాం. నాగవేణి ముఖం వాడిపోయింది. రెండూ సరిగ్గా ఉంటే తప్పు తనదే అవుతుంది. ఎల్లుండి రైతులు వస్తారు.

చీకటి పడుతుండగా తిప్పక్క కాళ్లు కడుక్కుని వచ్చింది. ఈ గది ఒకప్పుడు దేవుడి గది. పురుగులు వచ్చాక దేవుడి పటాలు బయటికి పోయాయి గానీ, కార్తీకంలో రోజూ సాయంత్రం గోడ గూట్లో దీపం పెట్టే ఆచారం పోలేదు. నిండుగా నూనె పోసి, వత్తి వెలిగించి, దండం పెట్టుకుంది. కాసేపటికి ఫోను కూసింది. ఇరవై తొమ్మిది, ముప్పై. హీటరు ఆగిపోయింది. గది చల్లబడింది. నేను టిక్‌మన్నాను.

"ఇది సలి అంటాంది, అది ఉక్క అంటాంది," అంది తిప్పక్క.

నాగవేణి కిటికీ తెరవబోయి, ఈసారి తొందరలో గూటి మీదుగా చెయ్యి చాచింది. "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి పట్టుకునే పైకి చూసింది. దీపానికి నిట్టనిలువుగా పైన, ఆ సెగలో సెన్సర్ వేలాడుతోంది.

"అయ్యో, ఇన్ని దినాలూ దానికి నేనే సెగ పెడ్తాంటినా!"

"నువ్వు కాదత్తా. మేకు దొరికింది గదా అని నేనే తగిలిస్తి."

"దీపం నాది గదే!"

"మేకు ఎంచుకున్నది నేను గదా!"

తప్పు నాదంటే నాదని వాళ్లు పోట్లాడుకోవడం అదే మొదటిసారి. చివరికి తిప్పక్క నవ్వింది. నాగవేణి నవ్వబోయి ఏడ్చేసింది.

సెన్సర్ ట్రేల మధ్యకు వచ్చింది. కిటికీ మూతపడింది. లేచిన పురుగులు ముందుగా పెరిగిపోకుండా వాటికి ఆకు ఆపి, లేవని వాటి కోసం వెచ్చగా ఉంచి కాచుకున్నారు. మరునాడు మధ్యాహ్నానికి కొన్ని పోయినా మిగతావన్నీ లేచాయి. అత్త ఆకు సన్నగా తరిగి ఇస్తుంటే కోడలు చల్లింది. నన్ను మళ్లీ పెద్ద పురుగుల గది గోడకు బిగించి పసుపు బొట్టు దగ్గరికి తిప్పారు.

రైతులు వచ్చారు. హనుమప్ప అనే ముసలాయన ట్రే ఎత్తి, పురుగులను వెలుతురులో చూశాడు. "అన్నీ ఒక తీరుగా ఉండాయి. నీ చెయ్యి ఎప్పుడూ ఇంతే తిప్పక్కా!"

"నా చెయ్యి కాదన్నా. నా కోడలిది. మళ్లీ గుడ్లు తెస్తే ఆ పిల్లనే అడుగు."

నాగవేణి ఖాళీ ట్రేలు తీసుకుని నా గదిలోకి వచ్చింది. వాటిని కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. బయట తిప్పక్క ఇంకొకరికి అదే మాట చెబుతోంది.