కుంటి రేకు

నోట్లో గుండుసూదులు కరుచుకుని నిషామణి గొడుగు అంచు చుట్టూ మరోసారి టేపు తిప్పింది. నూట యాభై ఏడున్నర అంగుళాలు. పిపిలిలో పూరీ రోడ్డు మీదికి తెరుచుకునే ఆ గదిలో పెళ్ళయినప్పటి నుంచీ భర్త చక్రధర్ గుడ్డ కత్తిరిస్తున్నాడు, ఆమె కుడుతోంది. గుమ్మానికి వేలాడే గుడ్డ చిలకల్లోంచి వచ్చిన ఎండ నేల మీద పచ్చగా, నారింజగా పడుతోంది. ఆమె దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచింది. రోజూ అంతే.

బల్ల మీద ఎర్ర మఖమలు ఒకటే ముక్క ఉంది. సాయంత్రం కేంద్రాపడ దగ్గరి పల్లె నుంచి ఉదయనాథ్ వచ్చి గొడుగు తీసుకెళతాడు. దేవుడి ఊరేగింపులో అది పాత గొడుగు పక్కన నడవాలి. పాతది చక్రధర్ తండ్రి చేసినది. దాని అంచుకు వేలాడే గుడ్డ రేకు ఒకటి నమూనాగా పంపారు. వెడల్పు ఐదూ ఐదు బై ఎనిమిది అంగుళాలు.

ఇలాంటి ఎనిమిదో వంతుల్ని చక్రధర్ ఏనాడూ పట్టించుకోలేదు. ఐదున్నర అనుకుని కోసేసేవాడు. చివర కొంత సందు మిగిలేది. అక్కడ ఒక సన్నటి రేకు ఇరికించి, ఆ వైపు వెనక్కి వచ్చేలా గొడుగును కర్రకు బిగించేవాడు. దానికి మొగుడూ పెళ్ళాం కుంటి రేకు అని పేరు పెట్టుకున్నారు. తండ్రి గొడుగుల్లో కుంటి రేకు ఉండేది కాదు. ఈసారి తన గొడుగులోనూ ఉండకూడదని చక్రధర్ పట్టుబట్టాడు. తప్పు కోస్తే ఆ ఎరుపు మళ్ళీ దొరకదు.

తెల్లారినప్పటి నుంచీ బల్ల మీద సుద్దతో లెక్క చేస్తున్నాడు. చుట్టుకొలతను మూడువందల పదిహేను బై రెండు చేశాడు. రేకును నలభై ఐదు బై ఎనిమిది చేశాడు. భాగించాలి కాబట్టి రెండోదాన్ని తిరగేశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పైవన్నీ గుణించి రెండువేల ఐదువందల ఇరవై దగ్గర ఆగిపోయి, ఎడమ భుజం నొక్కుకుంటూ కూర్చున్నాడు.

నిషామణి నోట్లోంచి సూదులు తీసింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది.

“అంత పెద్దవి చేసుకుని మళ్ళీ చిన్నవి చేసుకోవడం ఎందుకు? గుణించకముందే కొట్టేయండి. మూడువందల పదిహేనులో నలభై ఐదు ఎన్నిసార్లు పోతుంది?”

“ఏడు.”

“ఎనిమిదిలో రెండు?”

“నాలుగు.” సుద్దముక్క ఆగింది. “ఇరవై ఎనిమిది రేకులు. ఇంతేనా?”

“ఇంతే.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“కాపురానికొచ్చిన కొత్తలో చెప్పబోయాను. బడి చదువు సూదిలోకి ఎక్కదన్నారు.”

చక్రధర్ బల్ల మీది లెక్క తుడిచేశాడు. ప్రతి రేకు అంచుకూ దాని వెడల్పుకి రెండూ రెండు బై మూడు రెట్లు రిబ్బను కావాలి. ఆ లెక్క మాత్రం ఆమెను ముట్టుకోనివ్వలేదు. నలభై ఐదు బై ఎనిమిది, ఎనిమిది బై మూడు. పైన ఎనిమిదినీ కింద ఎనిమిదినీ కొట్టేశాడు. నలభై ఐదులో మూడు పదిహేనుసార్లు పోయింది. పదిహేను అంగుళాలు. కింద ఏమైనా మిగిలిందేమోనని బల్లంతా వెతికి చూసుకున్నాడు. మాస్టరమ్మ టీ ఇప్పిస్తే ఇంకో లెక్క చేస్తానన్నాడు. ఆమె పకపకా నవ్వింది.

మధ్యాహ్నం దాకా కత్తిరించాడు. కత్తెర ఒరుసుకుని కాయగట్టిన బొటనవేలు ఒక్కచోట కూడా వణకలేదు. వడియాల పొడితో పఖాళ చద్దన్నం తిని, ముక్క గుడ్డల మూట తలకింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“చివరి రేకు పెట్టేటప్పుడు లేపు,” అన్నాడు.

ఆమె కుడుతూ పోయింది. వేళ్ళు నొప్పిపుట్టినా ఆపలేదు. చివరి రేకును సందులో ఆనించి చూసింది. రెండు పక్కలా దారమంత ఖాళీ అయినా లేదు. “సరిపోయింది, చూడండి,” అని పిలిచింది. ఆయన పలకలేదు. నెలల తర్వాత ఇంత గాఢంగా నిద్రపోతున్నాడని, మరోసారి పిలవకుండా కుట్టేసి దారం కొరికింది.

ఉదయనాథ్ హడావిడిగా వచ్చాడు. రోడ్డు మీద బండి హారన్ కొడుతోంది. గొడుగును ఒక చుట్టు తిప్పి చూశాడు, ఇంకో చుట్టు తిప్పాడు.

“ఎటువైపు వెనక్కి పెట్టాలి వదినా?”

“ఎటైనా పెట్టుకోండి.”

బండి వెళ్ళిపోయాక దీపం పెట్టి, ఉదయనాథ్ మాట చెబుదామని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అది ఎప్పుడో చల్లబడిపోయింది.

ఇరుగుపొరుగు వచ్చారు. స్నానం చేయించడానికి చొక్కా విప్పుతూ, జేబులో ఉన్నవి తీసి ఎవరో ఆమె చేతిలో పెట్టారు. ఒక బీడీ కట్ట. దానితోపాటు, అంచులు లోపలికి మడిచి కుట్టడానికి సిద్ధం చేసిన సన్నటి ఎర్ర మఖమలు రేకు.