హాజరు కోసం బొట్టు

నా నోరు మంచిది కాదు. కార్ఖానా బస్తీ సందుల్లో మున్సిపాలిటీ చీపురు పట్టే పద్నాలుగు మందికీ ఆ సంగతి తెలుసు. వాళ్ల హాజరు నా ఫోన్లోనే పడాలి. పొద్దున అయిదున్నర నుంచి ఆరు దాకా ఒకసారి, పనయ్యాక ఒంటిగంటకు ఇంకోసారి ఒక్కొక్కరి ముఖం ముందు ఫోన్ పెడతాను. రెండుసార్లూ పచ్చ టిక్కు పడితేనే పని చేసినట్టు. లేకపోతే వాళ్లు ఎంత ఊడ్చినా ఊడ్చనట్టే.

ఆ సోమవారం పది గంటలప్పుడు బాలమ్మ చీపురుతోనే నా దగ్గరికి ఉరికొచ్చింది.

"దయాకర్ సారూ, మా ఆయనకు దమ్ము ఎక్కువై ఊపిరాడ్తలేదంట. జెర పోయొస్త."

"పో. ఒంటిగంటకు ముఖం పడకపోతే ఆబ్సెంటే. ఎవరింట్ల లేదు తక్లీఫ్? రోజుకొకరిది ఒక కథ!" అన్నాను.

ఆమె పోలేదు. భర్తను ఆస్పత్రికి తిప్పి ఆ నెలలో అప్పటికే రెండు ఆబ్సెంట్లు వేయించుకుని, ఆ రోజుల జీతం పోగొట్టుకుంది. ఒంటిగంటకు టిక్కు పడ్డాకే ఆటో ఎక్కింది. లాలాగూడలో ఇల్లు చేరేసరికి ఆయన పోయి గంటయిందట. ఆఫీసులో అడిగితే పంపమనేవారేమో, నేను అడగనైనా లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేనే.

పదకొండు రోజులు ఆమె గడప దాటకూడదు. పన్నెండో నాడు కూడా ముఖం పడకపోతే యాప్‌లో పేరు దానంతటదే ఎగిరిపోతుంది. ఆ ఖాళీ కోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. ఎలాగైనా రమ్మని, ఆమెతో పాటు అదే సందు ఊడ్చే దేవమ్మతో కబురు చేశాను.

పన్నెండో నాడు చీకటి విడవకముందే వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని ఓ మూలన నిలబడింది. కొత్తగా బొట్టు తీసినామె ఎదురైతే మంచిది కాదని ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ వాళ్లననడానికి నాకేం ముఖముంది?

ఫోన్ పెట్టాను. 'ముఖం సరిపోలేదు' అంది. మళ్లీ పెట్టాను. అదే మాట. అయిదుసార్లు పెట్టినా అదే. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆరుకు పది నిమిషాలుంది.

దేవమ్మ తొంగి చూసింది. యాప్‌లోని పాత ఫొటోలో బాలమ్మ నుదుట పెద్ద ఎర్ర బొట్టు.

"అండ్ల బొట్టున్నది గద సారూ. అందుకే గుర్తు పడ్తలేదు."

"అయితే పెట్టు!" అని అరిచాను. అయ్యో, ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

దేవమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత తన నుదుటి స్టిక్కర్ తీసి బాలమ్మకు అంటించింది. బాలమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది.

"కండ్లు తెర్వు బాలమ్మా, టైమ్ అయితున్నది" అన్నాను.

తెరిచింది. ఆరుకు రెండు నిమిషాలుండగా టిక్కు పడింది. ఆమె స్టిక్కర్ తీసి చీపురు కర్రకు అంటించుకుని పనిలోకి పోయింది.

తర్వాత ఆఫీసులో కల్పలత మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "బొట్టుతో దానికేం పని దయాకర్? ఫోన్ చీకట్ల పట్టి ఉంటవు. వెలుతురు రాంగనే పడ్డది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒంటిగంటకు బాలమ్మ వచ్చింది. నేను నోరు తెరవకముందే చీపురు కర్ర మీది స్టిక్కర్ తీసి నుదుట పెట్టుకుంది.

"అక్కర్లేదు బాలమ్మా. తప్పు నాదే. తీసెయ్."

"మల్ల తియ్యాల్నా సారూ?" అంది. తీసేసింది. ఫోన్ ఎత్తాను. టిక్కు మొదటిసారే పడింది.

"అయిపోయింది. ఇగ జల్ది ఇంటికి పో" అన్నాను.

"ఇప్పుడేం తొందరున్నది సారూ" అంది బాలమ్మ.