బాలమల్లు కుడి భుజం

రేకు ముక్కను ఎడమచేత్తో తీయడం, కుడిచేతికి అందించడం, ఆ చెయ్యి చాచి ముక్కను డై అనే ఇనుప అచ్చు మీద పెట్టడం, చెయ్యి వెనక్కి లాక్కుని బూటు వేసిన కుడికాలితో పెడల్ తొక్కడం. ప్రెస్సు ధన్‌మని దిగి లేస్తుంది. వంగిన పట్టీ జారి కింది తొట్టిలో పడుతుంది. మళ్లీ రేకు ముక్క. పొద్దున్న షెడ్డు తలుపులు తీసినప్పటినుంచి బాలమల్లు ఇదే చేస్తున్నాడు. సొంతూరు మంఖాల్‌లో సాగు గిట్టక, పెళ్లయిన కొత్తలో గగన్‌పహాడ్‌లోని ఈ షెడ్డుకు వచ్చినప్పుడూ ఇదే చేశాడు. కరెంటు మీటర్ల డబ్బాలకు వేసే ఇనుప పట్టీలివి. ఏ వీధిలో ఎవరి గోడ చూసినా ఆయన చేతిమీదుగా వెళ్లిన పట్టీ ఒకటి ఉండే ఉంటుంది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

చెయ్యి చాచిన ప్రతిసారీ భుజం లోపల గరుకు ఇసుక రాసుకున్నట్టు ఉంటుంది. అందుకని చెయ్యి చాచడం మానేసి, నడుము వంచి ఒళ్లంతా ముందుకు తోస్తాడు. చూసేవాళ్లకు అది పనిమీద హుషారులా కనిపిస్తుంది. "మల్లన్నను జూసి నేర్చుకోండ్రి, ఎట్ల ఊగుకుంట చేస్తడో" అని పక్క ప్రెస్సు జంగయ్య కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటాడు. బాలమల్లు పళ్లు బిగించి ఊగుతుంటాడు.

ఇంట్లో భార్య చంద్రమ్మకు తెలుసు. రోజూ చొక్కా కుడిచేతిని ఆమె పట్టుకుంటే, ఆయన అందులోకి వంగి దూరుతాడు. బొత్తాలు ఆమే పెడుతుంది. దవాఖానకు తీసుకెళ్లింది కూడా. డాక్టరు చేతిని పైకెత్తించి చూసి, ఈ చేతితో పని తగ్గించుకో అన్నాడు. తగ్గించమని ఎవరికి చెప్పాలో చెప్పలేదు.

షెడ్డులో చెప్పడానికి లేదు. అంతకుముందు సోమయ్య అనే ఆయన మోకాళ్లు నొస్తున్నాయని చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. యజమాని హరిప్రసాద్ స్వయంగా స్కూటర్ మీద ఇంటిదాకా దింపి, "జర రెస్ట్ తీస్కో, మంచిగైనంక చూద్దాం" అన్నాడు. మర్నాడు సోమయ్య మిషన్ దగ్గర వేరే మనిషి నిలబడ్డాడు. ఆనాటినుంచి ఆ షెడ్డులో ఎవరికీ ఏ నొప్పీ లేదు.

అందుకే ఈ వారం మొదట్లో షెడ్డుకు వచ్చిన పెద్ద డబ్బాలోంచి, దానంతటదే పనిచేసే తెల్లటి ఇనుప చెయ్యి ఒకటి బయటికి వచ్చినప్పుడు, దాన్ని చూసి లోలోపల సంతోషించినవాడు ఆయనొక్కడే.

ఖాళీగా ఉన్న ఒక ప్రెస్సు పక్కన దాన్ని బిగించారు. దాన్ని అమ్మే కంపెనీ ఇంజనీరు మాధవీలత విజయవాడ వైపు అమ్మాయి. షెడ్డులో అందరినీ 'గారూ' అంటుంది. యజమాని వారంపాటు వాడి చూసి, శుక్రవారం సాయంత్రం ఉంచుకునేదీ లేనిదీ చెప్పాలని ఒప్పందం. ఈ చేతికి చుట్టూ బోను అక్కర్లేదని, మనుషుల పక్కనే నిలబడి పనిచేస్తుందని, దేనికైనా తగిలితే మనిషేమోనని ఆగిపోతుందని ఆమె వివరించింది. పని నేర్పడానికి బాలమల్లును పిలిచింది. "దీని మణికట్టు పట్టుకుని మీరు ఎలా చేస్తారో అలా తిప్పండి మల్లుగారూ. అది గుర్తుపెట్టుకుంటుంది."

ఆయన ఎడమచేత్తో పట్టుకున్నాడు. అది ఆయన చేతివెంట తేలిగ్గా వచ్చింది. ముందుకు చాపితే చాచుకుంది, ఎత్తితే ఎత్తుకుంది. దాని భుజం చప్పుడు లేకుండా నున్నగా తిరుగుతుంటే, నొప్పి లేని భుజం ఎలా తిరుగుతుందో చాలాకాలానికి మళ్లీ చూశాడు.

"ఇది మీ పని తీసుకోదండీ. చెయ్యి చాచే పని ఇది చేస్తుంది. ముక్కలు సర్ది పెట్టడం, పట్టీలు చూసుకోవడం మీరు చేస్తారు. ఇద్దరూ కలిసి" అంది మాధవీలత. ఆ మాట ఆమె వెళ్లిన ప్రతిచోటా చెప్పేదే. గగన్‌పహాడ్ షెడ్డులో దాన్ని అక్షరాలా నమ్మిన మనిషి బాలమల్లు ఒక్కడే. ఆయన పని పోతుందని మిగిలినవాళ్లంతా ఆ రోజే దిగులు ముఖాలు పెట్టారు.

వారమంతా ఆ దిగులు ముఖాలతోనే ఆయనకు విసుగెత్తిపోయింది. ఇవాళ శుక్రవారం.

శుక్రవారం పొద్దున షెడ్డులో మిషన్లన్నిటికీ పూజ. ఒకప్పుడు ఇక్కడ ఒకాయన వేలు ప్రెస్సు కింద పోతే, హరిప్రసాద్ వాళ్లమ్మ వచ్చి ప్రతి మిషన్‌కూ నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. ఆ తర్వాత ఎవరి వేలూ పోలేదు. ఆమె పోయింది గానీ నిమ్మకాయ పోలేదు. శుక్రవారం కట్టినది మళ్లీ శుక్రవారందాకా ఎవరూ ముట్టుకోకూడదు. కట్టే పని జంగయ్యది. ఇవాళ ఆయన బొట్టుపెట్టి, హారతిచ్చి, కొత్త ఇనుప చేతికి కూడా మణికట్టు దగ్గర నల్లదారంతో పెద్ద నిమ్మకాయ కట్టాడు.

మాధవీలత వచ్చి మీట నొక్కింది. చెయ్యి ముక్క తీసుకుంది, డై మీదికి వంగింది. వేలాడుతున్న నిమ్మకాయ డై అంచుకు తగిలింది. చెయ్యి ఆగిపోయి పసుపు దీపం వెలిగింది. ఆమె సరిచేసింది. చెయ్యి మళ్లీ వంగింది, మళ్లీ ఆగింది.

"దయచేసి ఆ నిమ్మకాయ తీసేయండి" అంది.

ఎవరూ కదల్లేదు.

"మీరు గట్ల అనొద్దు మేడం. మీకు ఎర్కలేదు. ఈడ ఒకాయినె వేలే పోయింది" అన్నాడు జంగయ్య.

"ఇది మనిషి వేలు తగిలితే చాలు ఆగుతుందండీ, దాని గొప్పే అది. ఇప్పుడు నిమ్మకాయ తగిలినా వేలనుకుని ఆగుతోంది."

"జూసిండ్రా మరి! మిషన్ గూడ మొక్కుతున్నది."

అందరూ నవ్వారు. మాధవీలత నవ్వలేదు. హరిప్రసాద్ కోసం చూస్తే ఆయన బయట ఫోన్‌లో ఉన్నాడు. పిలిచి చెబితే, తలగోక్కుని, "మా అమ్మ పెట్టిన పద్ధతమ్మా, జర అట్లనే నడిపియ్యుండ్రి" అని మళ్లీ ఫోన్ అందుకున్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నందాకా ఆమె దారి మార్చి, ఎత్తు మార్చి చూస్తూనే ఉంది. అది వంగుతూనే ఉంది, ఆగుతూనే ఉంది. ఇవతల బాలమల్లు తన ప్రెస్సు తొక్కుతూ, ఆ పసుపు దీపం వెలిగినప్పుడల్లా తల తిప్పి చూస్తున్నాడు.

అన్నాల వేళ పట్టీలు పెట్టెల్లో సర్దే ప్రేమావతి తన డబ్బా తెచ్చుకుని ఆయన పక్కన కూచుంది.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. మా సంఘంల నీ పేరుమీద ప్రార్థన పెట్టించిన. గా మిషన్ ఈ షెడ్డుల ఉండకుండ పోవాలని. పాస్టరమ్మ గూడ కన్నీళ్లు పెట్టుకున్నది."

బాలమల్లు ముద్ద ఎడమచేత్తో కలుపుతున్నాడు. ఎదురుగా కూచున్న ఎవరూ అది గమనించలేదు.

"ఎవలు పెట్టుమన్నరు?"

"ఒకలు చెప్పాల్నా అన్నా? నీ బాధ మాకు ఎర్కలేదా?"

"ఎర్కలేదు" అన్నాడు బాలమల్లు. ఆయన మర్యాదకు అలా అంటున్నాడనుకుని ప్రేమావతి ఆయన అన్నంలో ఇంత పచ్చిపులుసు పోసింది.

జంగయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నిమ్మకాయ ఉత్తగ గట్టలే అన్నా. నిన్న కూసోని జూసిన, అది ఏడ వంగుతదో. సరిగ్గ అంచుకు తగిలేటట్టు దారం పొడుగు పెట్టిన. పొద్దుమీకిదాక గిట్లనే ఆగితె సారు వద్దంటడు. నీ కోసమే చేసిన."

బాలమల్లు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. తను ఎంత గట్టిగా అరవగలడో ఆయనకు తెలియదు. ఎప్పుడూ అరిచి చూడలేదు. లేచి, చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్లి ఆ నల్లదారాన్ని ఎడమచేత్తో పట్టుకుని లాగాడు. తెగలేదు. పళ్లతో కొరికి తెంపాడు. నిమ్మకాయ దొర్లి పెట్టెల కిందికి పోయింది.

"అన్నా!" అంది ప్రేమావతి, అది తన దేవుడి సంగతి కాకపోయినా.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు జంగయ్య.

"నడిపియ్యమ్మా" అన్నాడు బాలమల్లు మాధవీలతతో.

నడిచింది. ఇక ఆగలేదు. ఆయన ముక్కలు దొంతరగా పేర్చి దాని పక్కన పెట్టాడు. అది ఒక్కొక్కటే తీసుకుని, చాచి, పెట్టి, వెనక్కి జరిగింది. పెడల్ ఎవరూ తొక్కకుండానే ప్రెస్సు దిగి లేచింది. బాలమల్లు తొట్టిలోంచి పట్టీ తీసి అంచు తడిమి చూశాడు. బాగుంది. చేయడానికి ఇంకేమీ లేక, తిరగేసిన తొట్టి మీద కూచున్నాడు. ఈ షెడ్డులో పనివేళ కూచోవడం అదే మొదలు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. నెమ్మదిగా అందులోంచి నొప్పి దిగిపోతోంది. ఆ హాయికి కళ్లు మూతలు పడుతుంటే, నిద్రపోతే బాగుండదని తల వంచుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

హరిప్రసాద్ లోపలికి వచ్చింది అప్పుడే. మిషన్‌ను చూడలేదు. దాని పక్కన తల వాల్చుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూచున్న పాతమనిషిని చూశాడు. వచ్చినదారినే వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరినీ పిలిచాడు.

"అమ్మా, మీ లెక్కంత బాగనే ఉంది. కని నాకు కుదరది" అన్నాడు మాధవీలతతో.

"కారణం తెలుసుకోవచ్చా అండీ? మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు కదా."

"గీయనే కారణం" అని బాలమల్లును చూపించాడు హరిప్రసాద్. "నాగా పెట్టడు. ఒక్క ముక్క ఖరాబు చెయ్యడు. జీతం పెంచుమని నోరు తెరిచి అడగడు. గిసొంటోడు ఉండంగ మీ మిషన్‌కు పెట్టిన పైసలు నాకు ఎన్నడు ఎల్లాలె? లెక్క ఒకటి. మనసొకటి. ఇందాక జూసిన, తొట్టి మీద ఎట్ల కూసున్నడో పాపం. ఆ కూసునుడు జూసినంక నాకు బుద్ధి పుట్టలే. వాపస్ తీస్కపోండ్రి."

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. ప్రేమావతి కళ్లు తుడుచుకుంది. జంగయ్య ఆనందం పట్టలేక, "జూసినవా మల్లన్నా!" అంటూ ఆయన కుడి భుజం మీద గట్టిగా చరిచాడు.

బాలమల్లు అరిచాడు. అది మాట కాదు. చప్పట్లు ఆగిపోయాయి. భుజం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఏమైందే?" అన్నాడు హరిప్రసాద్.

"ఏమైతది? చెయ్యి లేస్తలేదు. ఎన్నడో పోయింది గిది." ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "నీ కోసం నీ కోసమని వారం సంది పాణం తీస్తున్నరు. ఒకడు దారం గడ్తడు, ఒకామె ప్రార్థన పెడ్తది, మీరేమొ జాలి పడ్తరు. ఒక్కలన్న నన్ను అడిగిండ్రా, నీకేం గావాలె బాలమల్లూ అని? మిషన్ ఉండనియ్యుండ్రి సార్. చాపే పని అది చేస్తది. ముక్కలు నేనందిస్త. గా అమ్మ చెప్పింది గద, ఇద్దరం కలిసి అని."

హరిప్రసాద్ మంచివాడు. ఇనుప చేతిని చూశాడు, బాలమల్లు చేతిని చూశాడు.

"గీ మాట మొదలే చెప్పాలె గదనే."

"చెప్తె సోమయ్యను చేసినట్టు చేస్తుంటిరి."

హరిప్రసాద్ మెల్లగా అన్నాడు. "మిషన్ గొని, దాని పక్కకు మళ్లొక మనిషిని పెట్టుకుంటె నాకేం మిగుల్తది చెప్పు. లేబర్ కాంట్రాక్టర్ తక్కువ జీతానికే పిలగాండ్లను పంపుతనని రోజూ ఫోన్ చేస్తనే ఉన్నడు." ఆగి, మరింత మెల్లగా అన్నాడు. "నువ్వు జర రెస్ట్ తీస్కోరాదే. మంచిగైనంక చూద్దాం."

ఆ మాట ఆ షెడ్డులో అందరికీ తెలిసిన మాటే. జంగయ్య తన అరచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు.

ట్రాలీ ఆటో వచ్చింది. ఇనుప చేతిని మడిచి, డబ్బాలో పెట్టి, తాళ్లతో కట్టారు. మాధవీలత ఎక్కబోతూ ఆగి వెనక్కి వచ్చింది.

"మల్లుగారూ, ఈ సంగతి నాతోనైనా మొదటిరోజే చెప్పి ఉంటే..."

"ఏం జేస్తుంటివి బిడ్డా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు.

"తెలీదండీ" అంది.

ఆయన తల ఊపాడు. కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, ముందు కుడిది, తర్వాత ఎడమది. ప్రేమావతి తువ్వాలు ఇచ్చింది. స్కూటర్ మీద దింపుతానని హరిప్రసాద్ అంటే వద్దన్నాడు. జంగయ్య రోడ్డుదాకా వెంట వచ్చాడు. శంషాబాద్ వైపు పోయే ఆటో ఒకటి ఆగింది. బాలమల్లు ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, అంచున ఇరుక్కుని కూచున్నాడు. ఆయన ఇల్లున్న సాతంరాయి ఎంతో దూరం లేదు.

సోమవారం కాంట్రాక్టర్ పంపిన మనిషి వచ్చాడు. కుర్రతనం, గట్టి భుజాలు. బాలమల్లు ప్రెస్సు ముందు నిలబడబోతే కాలికి ఏదో తగిలి వంగి చూశాడు. మిషన్ కింద ఒక జత బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎడమదాని అడుగు ఇంకా మందంగా ఉంది. పెడల్ తొక్కీ తొక్కీ కుడిదాని అడుగు మునివేళ్ల దగ్గర కాగితంలా పలచబడి, అక్కడ వేలంత కన్నం పడి ఉంది.