మావారి బ్యాచ్‌లో సల్ఫేటు

మా ఇంట్లో పెత్తనం ఎవరిదని అడిగితే మావారు నవ్వి ఊరుకుంటారు. ఫ్యాక్టరీలో మాత్రం ఆ అనుమానమే లేదు. మందు ఆయన తయారుచేస్తారు, అది పనికొస్తుందో లేదో ల్యాబ్‌లో నేను తేలుస్తాను.

ఇన్‌చార్జిగా ఆయన చేసిన మొదటి బ్యాచ్ నా దగ్గరికే వచ్చింది. అది నెగ్గితేనే ఆ కుర్చీ ఆయనకు ఖాయం. తయారీలో వాడిన ఆమ్లం తాలూకు సల్ఫేటు మందులో ఎంత మిగిలిందో నేను చూడాలి. మందును నీళ్లలో కరిగించి బేరియం క్లోరైడ్ పోస్తే, ఉన్న సల్ఫేటంతా తెల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. దాన్ని వడకట్టి, కడిగి, పింగాణీ మూసలో పెట్టి కాల్చి తూచాలి. బరువు పరిమితి దాటిందా, బ్యాచ్ గోవిందా.

మూస పూర్తిగా చల్లారాకే తూచాలని కొత్తవాళ్లకు చెవినిల్లు కట్టుకుని పోరేది నేనే. అలాంటిదాన్ని ఆత్రం ఆగక గోరువెచ్చగా ఉండగానే తూచేశాను. బరువు పరిమితికి కాస్త లోపలే ఉంది. ఎగిరి గంతేసి ఆయనకు ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

ఫోన్ పెట్టాక మనసు పీకడం మొదలెట్టింది. వెచ్చటి మూస అసలు బరువుకన్నా తక్కువ చూపిస్తుంది మరి. చల్లార్చి మళ్లీ తూచాను. పరిమితి దాటింది. అదే మందుతో జోడీగా పెట్టిన రెండో మూసా అదే చెప్పింది.

నేను వెళ్లేసరికి ఆయన సెక్షన్‌లో అందరికీ టీ చెప్పి కూర్చున్నారు. పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పి, ఆమ్లం పోయేలా మందును కడగడంలో ఏం తేడా వచ్చిందని అడిగాను. చివరి కడుగు మధ్యలో ఆపించేశానన్నారు. నాకు జ్వరం వచ్చిన రోజది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానని పరుగెత్తుకొచ్చి, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నారు. ఆయన మీద ప్రేమా పొంగుకొచ్చింది, ఒళ్లూ మండింది.

"నీకోసమే కదా," అన్నారు.

"తెలుసు. ఆ రోజు మీరు నాకిచ్చిన మాత్ర ఉంది చూడండి, అది చేసినాయన కూడా పెళ్లాం కోసం ఇలాగే ఇంటికి పరుగెత్తి ఉంటే?"

ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఫెయిలని రాసెయ్," అన్నారు చివరికి. "మేనేజరుకి సంగతంతా నేనే చెప్తా."

ల్యాబ్‌కు వచ్చి రాశాను. కింద సంతకం పెట్టాను, ఆయన ఇంటిపేరుతోనే.