గాడి నాది, గారాబం వాడికి

నేను ఒక విమానం టైరుని. ఒంటి నిండా నైట్రోజన్, మనసు నిండా కుళ్ళు. మొదటిది మనుషులు నింపారు. రెండోది నేనే సంపాదించుకున్నాను.

మాది సరుకుల విమానం. శంషాబాద్‌లో మందుల పెట్టెలు ఎక్కించుకుని మంచు కురిసే దేశాలకు పోతుంది. దాని ఎడమ కాలికి ముందు రెండు, వెనక రెండు చక్రాలు. నేను ముందువరసలో ఉంటాను. సరిగ్గా నా వెనకున్నవాడూ నేనూ ఒకే రోజు అచ్చులోంచి బయటపడ్డాం. తమ్ముడనాలి. అనబుద్ధి కాదు.

దానికి కారణం మాతోపాటే ప్రయాణం చేసే మెకానిక్ సైదులు. బయలుదేరే ముందు చుట్టూ తిరిగి చక్రాలన్నీ చూస్తాడు. నన్ను బూటుతో ఒక్క తన్ను తన్నేసి, వెనకవాడి దగ్గర మాత్రం కింద కూర్చునేవాడు. చేతి తొడుగు తీసి, "ఎట్లున్నవ్ బిడ్డా?" అంటూ ఒళ్ళంతా నిమిరేవాడు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. ఒక్కసారి, ఒక్కసారైనా ఆ చెయ్యి ముందు నా మీద పడాలని నా కోరిక.

ఆ రోజు పరాయిదేశంలో తిరుగు ప్రయాణానికి రన్‌వే ఎక్కాం. చీలమండ లోతు తడి మంచు. దూదిలాంటిది నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. అది కాళ్ళు పట్టుకుని వదలదే! తొక్కుతున్నాను, అణుస్తున్నాను, పక్కకు నెడుతున్నాను. ఇంజిన్లు ఎంత అరిచినా వేగం రావడం లేదు. వెనక దొరగారు మాత్రం నేను తీసిన గాడిలో పెళ్ళివారిలా వస్తున్నాడు! కెప్టెన్ మృదుల ఇక లాభం లేదని విమానాన్ని ఆపేసి వెనక్కి తిప్పింది.

రన్‌వే మీద మంచు తీసేదాకా ఆగాలి. కెప్టెన్, సైదులు కిందికి దిగి మా దగ్గరికి వచ్చారు.

"చూడండి సైదులుగారూ, పాపం మంచును తొక్కే చాకిరీ అంతా ఈ ముందువాటిదే. వెనకవి వీటి గాడిలో హాయిగా వచ్చేస్తాయి," అందామె.

నా ఛాతీ ఉప్పొంగింది. ఇప్పుడైనా చెయ్యి నా మీద వేస్తాడనుకున్నాను. సైదులు మళ్ళీ వెనకవాడి దగ్గరే కూర్చున్నాడు.

"నిజమే మేడం. గానీ విమానం దిగేటప్పుడు ముందుగాల నేలకు తాకేది ఈ వెనకదే. ప్రతిసారి దీని ఒళ్ళే కాల్తది. మస్తు అరిగిపోయింది. ఇంకెన్నాళ్ళుంటదో అని రోజూ తడిమి చూస్త. ఇంటికి పోంగనే తీసెయ్యాలె."

అన్నాళ్ళూ నేను ఏడ్చింది రోగి నాడి చూసే చేతిని చూసి! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం శంషాబాద్‌లో దిగినప్పుడు, నాకంటే ముందు వాడు నేలను తాకిన చప్పుడు మొదటిసారి విన్నాను. మర్నాడు వాణ్ణి విప్పి, దొర్లించుకుంటూ తీసుకుపోయారు. తమ్ముడా అని పిలుద్దామనుకునేసరికి షెడ్డు మలుపు తిరిగిపోయాడు.

ఇప్పుడు నా ఒంటి మీది గాళ్ళూ అరిగిపోయాయి. సైదులు నన్ను తన్నడం మానేశాడు. చేతి తొడుగు తీసి, ముందు నా దగ్గరే కూర్చుంటున్నాడు.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

వెనకున్న కొత్తవాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు.