తుంగభద్ర కలిసేచోటు

బడిగంట కొట్టకముందే శౌరమ్మ టీచర్ నాలుగో తరగతి గది తలుపు తోసి నేరుగా గోడ దగ్గరికి నడిచింది. పిల్లలు రాకముందు గోడకు వేలాడే ఆంధ్రప్రదేశ్ పటాన్ని అరచేత్తో తడిమి చూసుకోవడం ఆమెకు రోజూ ఉన్న పనే. గుడ్డకు అతికించిన పాత పటం అది. కర్నూలు జిల్లా మీద మడత చిరిగితే, ఒకప్పుడు ఆమే గుడ్డముక్క వేసి కుట్టింది. ఆ కుట్టు వేలికి తగిలితే చాలు, తుంగభద్ర ఎటు పోతుందో, ఆదోని ఎంత పడమరనో, సముద్రం ఎంత దూరమో చెయ్యే చెబుతుంది.

కళ్ళు చెప్పడం మానేసి చాలా కాలమైంది. కుడికంటికి పొర పూర్తిగా కమ్మేసింది. ఎడమకంట్లో మనుషులు మురికినీళ్ళలో నీడల్లా కదులుతారు. ఎమ్మిగనూరులో ఎవరో పెట్టిన కంటి క్యాంపులో ఆపరేషన్ చేయించుకుని, ఉన్న చూపూ పోగొట్టుకున్న చిన్నమ్మను ఆమె దగ్గరుండి చూసింది. అందుకే ఎవరికీ చెప్పలేదు. హాజరు పిలవాలంటే పేర్లు వరసగా నోటికి వచ్చు. పాఠాలు అంతకంటే బాగా వచ్చు.

ఈ రోజు చేతికి కుట్టు తగల్లేదు.

పైకీ కిందికీ తడిమింది. అంతా నున్నగా, చల్లగా ఉంది. ముక్కు దగ్గరికి పెట్టి చూస్తే కొత్త కాగితం వాసన. అంచులు వెతికితే రెండు చేతులు బార్లా చాపినా అందలేదు; పాతదానికంటే చాలా పెద్దది, ఊళ్ళన్నీ కిందికి జరిగి ఉంటాయి. శనివారం చెల్లెలికి జ్వరమని ఆమె ఎమ్మిగనూరు పోయింది. విజయనగరం కొత్త జిల్లా అయింది, పాత పటం పనికిరాదని బడి నడిపే సిస్టర్ ఫిలోమిన ఎప్పటినుంచో అంటూనే ఉంది. ఆ శనివారమే ప్యూను మద్దయ్య అదే మేకుకు కొత్త పటం తగిలించి ఉంటాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కళ్ళున్నవాళ్ళకు చెప్పాల్సిన సంగతి కాదది.

అప్పుడు నిన్నటి సంగతి గుర్తొచ్చి శౌరమ్మ పటం మీదినుంచి చెయ్యి తీసేసింది. గోడకు ఆనుకుంది.

నిన్న, సోమవారం, ఊరినుంచి ఆలస్యంగా వచ్చి, పటం తడమకుండానే పాఠం మొదలుపెట్టింది. "తుంగభద్ర పోయి కృష్ణలో యాడ కలుస్తుందో చూపించు" అని హులిగెమ్మను లేపింది. ఆ పిల్ల చెయ్యి నీడలాగా పటం కిందివైపు ఆగింది. అంత కిందనా! పటం తెలియని పిల్ల కాదే, ఆటలాడుతోంది అనుకుంది. తానే పోయి, అలవాటైన ఎత్తులో బెత్తం ఆనించి, "ఈడ" అంది.

"ఈడే రాసుంది టీచర్. సంగమం అని రాసుంది."

"ఎదురు మాట్లాడతావా?"

వేళ్ళ కణుపుల మీద కొట్టింది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అందుకని ఇంకా కొట్టింది.

వసారాలో ఎవరో దగ్గారు. పత్తిగింజల నూనెవాసన గదిలోకి వచ్చింది. జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర వచ్చే వాసన. హులిగెమ్మ తల్లి సుభద్రమ్మ, పనికి పోతూ పోతూ వచ్చినట్టుంది, గడప బయటే నిలబడింది.

"టీచరమ్మా, నా బిడ్డ తప్పు సెప్పి, మీ మాటకు అడ్డమొచ్చినాదంట గదమ్మా. సేతి ఏళ్ళు వాసినాయి, ఏమైందే అంటే రాత్రి సెప్పినాది. కొట్టినందుకు నేనేమీ అనడానికి రాలేదు తల్లీ. ఇంగా రెండెయ్యండి. బడిలోంచి మాత్రం తీసెయ్యొద్దండి. మా ఇంట్లో అచ్చరం ముక్క పట్టుకున్నది అదొక్కటే."

శౌరమ్మ నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక చివరన ఉంది. చిప్పగిరి దగ్గర పల్లెలో తన తల్లి కూడా ఇట్లాగే, గడప బయట నిలబడి, బిడ్డను బోర్డింగులో చేర్చుకోమని కన్యాస్త్రీల కాళ్ళావేళ్ళా పడింది. వాళ్ళు చదివిస్తేనే కదా తాను టీచరయింది. భర్త రాయప్ప మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోయాక, ఆదోనిలో ఆమెకు మిగిలింది ఈ గదీ, చేతిలో సుద్దముక్కా. ఇవీ పోతే చెల్లెలి మగ్గాల ఇంట్లో ఒక మూల కూర్చుని, పెట్టింది తినాలి.

"సరేలే" అంది. "తీసెయ్యములే. పో."

"దండాలమ్మా" అంటూ సుభద్రమ్మ వెళ్ళిపోయింది. ఆ దండాలు శౌరమ్మకు చెంపదెబ్బలా తగిలాయి.

ప్రార్థన అయింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనుకుంది ఆమె. హులిగెమ్మ మళ్ళీ అదే చోటు చూపిస్తుంది, తాను "శభాష్, ఇప్పుడు సరిగ్గా చెప్పినావు" అంటుంది, అంతటితో అయిపోతుంది. ఇట్లా అనుకోవడానికి కూడా సిగ్గేసింది, అయినా అనుకుంది.

"హులిగెమ్మా, తుంగభద్ర యాడ కలుస్తుందో ఇంకోసారి చూపించు."

పిల్ల లేచి వచ్చింది. ఈసారి శౌరమ్మ పటానికి ముఖం ఆనించేంత దగ్గరగా నిలబడింది. పిల్ల మునివేళ్ళ మీద లేచి, చెయ్యి బాగా పైకి చాపింది. వాచిన వేలు నిన్న టీచర్ బెత్తం ఆనించిన ఎత్తులోనే ఆగింది. ఎడమకన్ను చికిలించి, రెప్ప వెయ్యకుండా చూస్తే అక్షరాలు మెల్లగా తేటపడ్డాయి. నల్గొండ.

"ఆడ కలుస్తుందా?"

"కలుస్తుంది టీచర్."

"మల్లన్నా, నువ్వు రా."

మల్లన్న వచ్చి అక్కడే చూపించాడు. తర్వాత వచ్చిన పిల్లా అక్కడే చూపించింది. ఒక్కరూ తడబడలేదు. శౌరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నిన్న హులిగెమ్మ చూపించిందే సరైన చోటు" అంది. "నేను తప్పు చెప్పి కొట్టినా. నాకు కండ్లు కనపడవు."

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వెనకనుంచి ఒక పిల్ల మెల్లగా, "మాకు ఎరుకే టీచర్" అంది. "మీకు సెప్తే బాధపడతారని సెప్పలేదు."

హులిగెమ్మ ఇంకా పటం దగ్గరే ఉంది. "అయితే ఇయ్యాల నేను సూపిచ్చిందే తప్పు గదా టీచర్?" అని అడిగింది.

"తప్పే."

పిల్ల చెయ్యి తిప్పి, వాచిన వేళ్ళు ముందుకు చాపి, దెబ్బ కోసం కళ్ళు మూసుకుంది.

ఆ చేతిని శౌరమ్మ రెండు చేతులా పట్టుకుంది. చివరికి, "పోయి కూచో తల్లీ" అని మాత్రం అనగలిగింది.

ఆఫీసు గదిలో సిస్టర్ ఫిలోమిన అంతా విని చేతిలో కలం పక్కన పెట్టింది.

"సెలవు పెట్టండి. మంచి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తాం. చూపు వచ్చాక మళ్ళీ రండి."

"చూపు వస్తుందేమో సిస్టర్. ఆ పిల్ల ముఖం చూసేదెట్లా?"

సిస్టర్ కుర్చీలోంచి లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. శౌరమ్మ ఆ చెయ్యి కింద నిలవలేక, వందనాలు చెప్పి బయటపడింది.

మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర ఆగింది. అన్నం వేళకు ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. తలనిండా, ముఖంనిండా దూది అంటుకుని అందరూ ఒకే తెల్లటి మసకలా కదిలిపోతున్నారు. "సుభద్రమ్మా" అని పిలిచింది. మిల్లు హోరులో ఆ పిలుపు ఆమెకే వినపడలేదు. గుంపు కదిలి, కదిలి, పలచబడి, గేటు ముందు ఎవరూ లేకుండా పోయారు. శౌరమ్మ ముఖం తుడుచుకుని, బస్టాండులో ఎవరినో దారి అడిగి, ఎమ్మిగనూరు బస్సు ఎక్కింది. ఆదోనికి ఆమె మళ్ళీ రాలేదు.

సాయంత్రం బడి తలుపులు వేస్తూ మద్దయ్య వసారాలో నీళ్ళకుండ దగ్గర ఆగాడు. మూత మీద, సగం తాగి వదిలేసిన నీళ్ళతో, అంచున చుక్కలు చుక్కలుగా 'శౌరమ్మ' అని చెక్కిన స్టీలు గ్లాసు ఉంది.