పిప్పిలో తీపి

ఐయోనీ ఉక్కు పీపాలోంచి పిప్పిని పారతో లాగి సంచిలోకి దించుతోంది. పొద్దున పచ్చగా, జిగటగా, ఘాటైన వాసనతో లోపలికి పోయిన గంజాయి మధ్యాహ్నానికి ఎండుగడ్డిలా బయటికొస్తుంది. సారమంతా గోడ అవతలి గదికి పోతుంది. అక్కడ దాన్ని వడగట్టి, మళ్లీ వడగట్టి, చివరికి తెల్లటి పొడి ఒక్కటే ఉంచుకుంటారు. అదే మందు. మిగతాదంతా చెత్త, కాపలా పెట్టి మరీ కాల్చేస్తారు. ఆ చెత్త సంచులకెత్తడమే ఐయోనీ పని. నడుం వంగింది, అరచేతులు కాయలు కాచాయి, దుమ్ముకు ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

ఈ చెట్టు పెరట్లో ఒక్కటి ఉన్నందుకే ఆమె మొగుడు లెబర్ట్ పడుచుతనంలో జైల్లో రాళ్లు కొట్టాడు. ఇప్పుడు అదే కొండ మీద అదే చెట్టుకు మందుల కంపెనీ కంచె, కుక్కలు, శంకుస్థాపన పలక. చట్టం మారింది, ఇంటికి ఐదు మొక్కలు తప్పు కాదన్నారు. లెబర్ట్ సంబరంగా ఐదూ నాటాడు. కంపెనీ వచ్చాక ఆ సంబరమూ పోయింది. ఇళ్ల మొక్కల పుప్పొడి తగిలితే తమ పంట పాడవుతుందట. మొక్కలు పీకినవాళ్లకే ఉద్యోగమన్నారు. లోయంతా పీకింది. లెబర్ట్ మొక్కలు ఐయోనీయే పీకింది. అతను గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ తరువాతే అతని కడుపులో గడ్డ బయటపడింది. ముద్ద దిగదు, దిగినా నిలవదు. పక్కింటి క్లోడెట్ అటక మీద మిగిలిన పాత ఆకుతో టీ కాచిచ్చినన్నాళ్లూ జావ తాగాడు. ఆకు అయిపోయింది, దాంతోపాటు ఆకలీ పోయింది. సంతలో కొన్న ఆకుకు ఏ పురుగుమందు కొట్టారో, తాగీ తాగకముందే కక్కేశాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చుక్కల మందు ఇచ్చింది. ఐయోనీ పనిచేసే కంపెనీదే. క్లోడెట్ కూతురికి ఫిట్లు తగ్గింది ఆ చుక్కలతోనే, కాదనడానికి లేదు. లెబర్ట్‌కు మాత్రం నిద్ర పట్టింది కానీ ఆకలి పుట్టలేదు.

"ఈ చుక్కలో ఏముందో, ఎంతుందో నాకు తెలుసు. మీ టీలో ఎంతుందో ఎవరు చెప్పగలరు?" అంది డాక్టరమ్మ. ఆమె తప్పేం లేదు.

"నాకూ తెలీదమ్మా. తాగితే ఆకలేసేది, అంతే తెలుసు," అన్నాడు లెబర్ట్.

పచ్చి ఆకున్న గదికి తాళం. ఐయోనీ చేతికందేది పిప్పి ఒక్కటే. చిన్నప్పుడు తనూ లెబర్టూ చక్కెర మిల్లు వెనక చెరకు పిప్పి ఏరుకుని నమిలేవాళ్లు. మర ఎంత పిండినా చివర్లో నాలుకకు కాస్త తీపి తగిలేది. ఇదీ అంతే కదా, ఎంత పిండినా అడుగూబొడుగూ ఏదో మిగలదా అనుకుంది. గుప్పెడు పిప్పి తలగుడ్డలో పెట్టి ముడేసుకుంది. దొరికితే ఉద్యోగం పోతుంది.

గేటు దగ్గర కాపలావాడు విల్బర్న్ నవ్వాడు. "ఏంటి మిస్ ఐయోనీ, ఇవాళ తల పెద్దదైంది? మేనేజరు ఉద్యోగమిచ్చారా?"

"నీ బుర్ర అరువు తెచ్చుకున్నాను నాయనా. ఖాళీదే కదా, బరువు లేదు."

గేటు దాటాక తలగుడ్డ ముడి మరోసారి బిగించుకుంది.

ఇంటికి రాగానే నీళ్లు మరిగించి, పిప్పి వేసి, రెండు చెంచాల చక్కెర కలిపి, ఎనామిల్ మగ్గులో పోసి తెచ్చింది. లెబర్ట్ మగ్గును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆమె జుట్టులో అంటుకున్న పొట్టు వైపు చూశాడు. తరువాత ఒక గుక్క తాగాడు.

"ఎక్కడిదే?"

"అడక్కు. తాగు."

"మన చెట్టే. పెరట్లో మూలనుండేదే, అది."

"నిజంగానా?"

"నాకు తెలీదా? దానికోసం జైలుకెళ్లొచ్చిన వాణ్ణి."

"జావ తేనా మరి?"

"తే. ఆకలేస్తోంది."

మొక్కజొన్న జావ చెంచా చెంచాగా పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని మింగాడు. నుదుటి మీద చెమట పోసింది, అయినా కక్కలేదు. ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"రేపూ తెస్తాను."

"రేపొద్దులేవే. ఇవాళ కడుపు నిండింది," అని గోడవైపు తిరిగాడు.

ఐయోనీ క్లోడెట్‌ను కేకేసి, జావ తాగాడని వీధి వినేలా చెప్పుకుంది. తిరిగొచ్చేసరికి అతను అలాగే గోడవైపు తిరిగి ఉన్నాడు. పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి లేదు.

చాలాసేపు అతని పక్కనే కూర్చుంది. అతను చివరిగా మెచ్చుకున్నది కదా అని, మగ్గులో మిగిలిన గుక్క నోట్లో పోసుకుంది. చల్లారిన నీళ్లు. తను వేసిన చక్కెర తప్ప అందులో ఇంకేమీ లేదు. ఈ రుచిలో తేడా తెలియని మనిషి కాదు లెబర్ట్.

ఆమె మగ్గు కింద పెట్టింది. అడుగున వెలిసిపోయిన ఆకు తునకలు నాలుగు అంటుకుని ఉన్నాయి.